చేతులు ఆరేదాకా

కాలిన గాయాల వార్డులో ఆమెను అందరూ చేతుల సిస్టర్ అనేవారు. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాళ్ళకు ఆమె చేతిలో చీవాట్లు గట్టిగానే పడి ఉంటాయి. రోగిని చూడవచ్చిన చుట్టమైనా, నేల తుడిచే ఆయమ్మ అయినా, సాక్షాత్తూ సర్జన్‌గారైనా సరే, గుమ్మం దాటగానే గోడకు బిగించిన శానిటైజర్ డబ్బా దగ్గర ఆగాల్సిందే. ఎవరైనా రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని, తడి చెయ్యి చొక్కాకు తుడుచుకుంటూ లోపలికి వస్తే వార్డు అవతలి చివరినుంచే ఆమె గొంతు వినిపించేది.

"ఏమండీ, సెంటు పూసుకోవడానికి వచ్చారా? వెనక్కి వెళ్ళండి. గుప్పెడు తీసుకోండి. బొటనవేళ్ళు, గోళ్ళ సందులు, చేతి వెనక. దానంతట అది ఆరాలి. తుడిచేస్తే చావాల్సినవి బతికిపోతాయి."

సర్జన్‌గారు కూడా నవ్వుకుంటూ వెనక్కి వెళ్ళేవారు. ఆమె మాత్రం నవ్వేది కాదు. ఒకప్పుడు బాగానే నవ్వేదట. ఆ సంగతి ఆ ఆసుపత్రిలో పాతవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆమెకు ఒక్కడే తమ్ముడు. తండ్రి పోయేనాటికి వాడు ఇంకా పాకే వయసు. తల్లి బట్టలు కుట్టి ఇల్లు నడిపితే, వాణ్ణి ఎత్తుకుని తిరిగింది, అన్నం పెట్టింది, అక్షరాలు దిద్దించింది ఈవిడే. పెద్దయ్యాక గుమ్మంలో తల వంచితే గానీ పట్టనంత పొడుగు అయ్యాడు. అయినా ఇంట్లో వాడు బుడ్డోడే.

మహమ్మారి వచ్చిన ఏడాది, ఊరంతా శానిటైజర్ కోసం ఎగబడుతున్నప్పుడు, బుడ్డోడికి శానిటైజర్ కలిపే షెడ్డులో ఉద్యోగం దొరికింది. వాడికి ఆ పని తెగ నచ్చింది. రాత్రి భోజనాల దగ్గర కూర్చుని అక్కకు పాఠాలు చెప్పేవాడు.

"అక్కా, డ్రమ్ముల్లో వచ్చే స్పిరిట్ దాదాపు స్వచ్ఛమైనది కదా. దాన్ని అలాగే సీసాల్లో పోయకుండా మేము నీళ్ళెందుకు కలుపుతాం చెప్పు?"

"లాభం కోసం."

తల్లి పక్కకు తిరిగి నవ్వింది. వాడు ఒప్పుకోలేదు.

"నర్సింగు చదివి చెప్పే మాటేనా అది? నీళ్ళు లేకపోతే స్పిరిట్‌కి సగం బలం ఉండదక్కా. గుడ్డు కాలే పెనం మీద పడగానే అంచు టక్కున గట్టిపడుతుంది చూడు, స్వచ్ఛమైన స్పిరిట్ తగిలితే క్రిమి పైపొర అలాగే బిగుసుకుపోతుంది. లోపలికి దారి మూసుకుపోతుంది. ఈలోపు స్పిరిట్ ఆవిరైపోతుంది. అదే నీళ్ళు కలిస్తే, నిదానంగా లోపలిదాకా దిగుతుంది. క్రిమి చుట్టూ కొవ్వు పొర ఉంటుంది కదా, దాన్ని కరిగించేస్తుంది. లోపల ఉన్న మాంసకృత్తుల్ని విరిచేస్తుంది. విరిగిన పాలు మళ్ళీ పాలవుతాయా? దాని పని కూడా అంతే. డెబ్బై పాళ్ళు స్పిరిట్, ముప్ఫై పాళ్ళు నీళ్ళు. నీళ్ళు మరీ ఎక్కువైతే దెబ్బలో పస ఉండదు. కొంచెం గ్లిజరిన్, చేతులు పగలకుండా."

"చేతికి మట్టీ జిడ్డూ ఉంటే?" అంది ఆమె, పరీక్ష పెడుతున్నట్టు.

"అప్పుడు సబ్బూ నీళ్ళే. మట్టి కింద దాక్కున్నదాన్ని స్పిరిట్ వెతుక్కుంటూ వెళ్ళదు. కొన్ని మొండి క్రిములకి గింజల్లాంటి గట్టి గుల్ల ఉంటుందంట, వాటినీ ఏం చెయ్యలేదు. నాకు అంతా తెలుసక్కా. నన్ను డాక్టర్ని చెయ్యాల్సింది నువ్వు."

ఇదంతా ఆమె ఎప్పుడో పరీక్షకు బట్టీపట్టి మర్చిపోయింది. వాడి నోట విన్నాక మాత్రం మర్చిపోలేదు. వాడు ఇంట్లోకి రాగానే స్పిరిట్ వాసన ముందు వచ్చేది, వెనకాల వాడు వచ్చేవాడు.

ఆ షెడ్డులో ద్రవాన్ని తోడే మోటారు ఒకటి పాతది. తిప్పినప్పుడల్లా నిప్పురవ్వలు రాలేవి. స్పిరిట్ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పాకుతుంది, దానికి ఒక్క రవ్వ చాలని పనివాళ్ళంతా సూపర్‌వైజర్‌తో మొత్తుకున్నారు. "మోటారు మార్చేదాకా పని ఆపమంటారా? ఊరు ఊరంతా సీసాల కోసం కాచుకుని ఉంది" అన్నాడతను. పైగా సీసాలు మాయమవుతున్నాయని వెనక షట్టర్‌కు తాళం వేయించాడు.

ఒక మధ్యాహ్నం షెడ్డు అంటుకుంది. స్పిరిట్ మంట పట్టపగలు కంటికి సరిగ్గా ఆనదు. బయట ఉన్నవాళ్ళకు మొదట మంట కనిపించలేదట, గోడల దగ్గర గాలి వణకడం కనిపించిందట. ముందు వైపు పనిచేస్తున్నవాళ్ళు పెద్ద తలుపులోంచి బయటపడ్డారు. సూపర్‌వైజరూ బయటపడ్డాడు. ఆ వేళకు వెనక వైపు ఉన్నది బుడ్డోడు ఒక్కడే. వాణ్ణి ఆ షట్టర్ కిందే తీశారు.

అంతటితో అయిపోలేదు. షట్టర్‌కు అసలు తాళమే లేదని, ఆ కుర్రాడు దొంగచాటుగా సిగరెట్ వెలిగించడం తాను చూశానని సూపర్‌వైజర్ పోలీసులకు చెప్పాడు. యజమానీ అదే పాట పాడాడు. మిగతా పనివాళ్ళు ఉద్యోగాలకు భయపడి నోళ్ళు కుట్టేసుకున్నారు. బుడ్డోడికి పుట్టుకతో ఉబ్బసం. వీధిలో ఎవడైనా సిగరెట్ కాలుస్తూ ఎదురైతే అవతలి పక్కకు దాటిపోయేవాడు. ఆ మాట ఆమె స్టేషన్‌లో కనిపించిన ప్రతి ఒక్కరికీ చెప్పింది. ఎవరూ చెవిన పెట్టలేదు. చివరికి వరండాలో సూపర్‌వైజర్‌నే పట్టుకుంది.

"మా వాడు సిగరెట్ వెలిగించడం నువ్వు కళ్ళారా చూశావా?"

"చూశానమ్మా. ఏం చేస్తాం, కుర్రతనం" అన్నాడతను, జాలిగా తల ఆడిస్తూ.

అతను కసిరి ఉంటే, తిట్టి ఉంటే, ఆమె ఎప్పటికైనా మర్చిపోయేదేమో. ఆ జాలి మాత్రం గుండెలో ముల్లులా దిగబడిపోయింది. చంపినవాడు, చచ్చినవాడి తప్పును పెద్దమనసుతో క్షమిస్తున్నట్టు మాట్లాడాడు. కేసు మూసేశారు. వీధిలో వాళ్ళు ఓదార్చడానికి వచ్చి, "ఒక్క సిగరెట్ ఎంత పని చేసిందమ్మా" అని ముక్కు చీదేవారు. తల్లి కొన్నాళ్ళకు గుమ్మం దిగడం మానేసింది. కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పేసింది.

ఆమె మాత్రం కేసు మూసేసిన మర్నాటి నుంచీ డ్యూటీకి వెళ్ళింది. డబ్బా నొక్కిన ప్రతిసారీ అరచేతిలో తమ్ముడి వాసన వచ్చేది. చేతులు రుద్దుకున్నంతసేపూ మనసులో ఒకటే మాట తిరిగేది. వాడు కుళ్ళి చావాలి. నేను చూడాలి. వార్డులో అందరి చేతుల వెంటా పడటం అప్పటినుంచే మొదలైంది. లోపల మండుతున్నదానికి ఆ కేకలే కాస్త దారి.

రెండేళ్ళు గడిచాక ఒక ఉదయం అంబులెన్స్‌లో కొత్త కేసు వచ్చింది. వీపు, రెండు తొడలు, ఒక చెయ్యి కాలిపోయాయి. ముఖం మాత్రం చెక్కుచెదరలేదు. అదే యజమాని ఇంకో చోట తెరిచిన షెడ్డు, అదే సరుకు, అలాంటిదే ఇంకో పాత మోటారు. స్ట్రెచర్ మీద మూలుగుతున్న ఆ ముఖాన్ని చూడగానే ఆమె గుర్తుపట్టింది. సూపర్‌వైజర్.

మాస్కూ టోపీ మధ్య కళ్ళు తప్ప ఏమీ కనిపించని ఆమెను అతను గుర్తుపట్టలేదు. "తల్లీ, కొంచెం చూడమ్మా" అన్నాడు.

"చూస్తాను" అంది ఆమె.

హెడ్ నర్సు వంతులు పంచుతున్నప్పుడు ఒక్క మాట చెబితే చాలు, ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేది. ఆమె చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచన రాకపోలేదు. వచ్చిన ఆలోచనను గొంతులోనే నొక్కేసింది.

కాలిన మనిషిని చాలాసార్లు మంట చంపదు. ఆ తరవాత క్రిమి చంపుతుంది. చర్మం అంటే కోట గోడ. అది పోయాక లోపలి మాంసం తలుపుల్లేని ఇల్లు. ఆ వార్డులో మూల మంచం మీద ఒక వెల్డర్ ఉండేవాడు. అతని కాలి పుండు పచ్చగా చీము పట్టి, తియ్యటి పాడు వాసన వేసేది. అలాంటి క్రిమి ఒక మంచం నుంచి ఇంకో మంచానికి నడిచి రాలేదు. దానికి వాహనం కావాలి. ఆ వాహనం నర్సు చెయ్యి. గ్లవ్స్ తీసేటప్పుడు, కొత్తవి తొడిగేటప్పుడు అంటుకునేది ఎంతైనా ఉంటుంది. అందుకే ఒక మంచానికీ ఇంకో మంచానికీ మధ్య గ్లవ్స్ తీసి, చేతులు రుద్దుకుని, అవి ఆరాకే మళ్ళీ కొత్తవి వేసుకోవాలి.

మూడోనాటి ఉదయం ఆమె వెల్డర్‌కు కట్టు మార్చింది. గ్లవ్స్ తీసేసింది. తరవాతి మంచం సూపర్‌వైజర్‌ది. మధ్యలో గోడకు డబ్బా ఉంది.

ఆమె డబ్బా ముందు నిలబడి తన చేతుల వంక చూసుకుంది. కత్తి అక్కర్లేదు, విషం అక్కర్లేదు. డబ్బా నొక్కకుండా రెండు అడుగులు వేస్తే చాలు. లేదా నొక్కి, వెంటనే ఏప్రన్‌కు తుడిచేసుకుంటే చాలు. చూసేవాళ్ళకు చేతులు రుద్దుకున్నట్టే ఉంటుంది. స్పిరిట్ కొవ్వు పొరను కరిగించడానికి పట్టే ఆ కాసేపు ఇవ్వకపోతే, క్రిమి నిక్షేపంగా బతికి ఉంటుంది. జ్వరం వస్తుంది, చీము పడుతుంది, రక్తంలోకి దిగుతుంది. ఇంత కాలిన మనిషి పోతే ఎవరూ ఎందుకని అడగరు. ఏళ్ళ తరబడి ఆమె కోరుకున్నది అరచేతి దూరంలో ఉంది.

చెయ్యి డబ్బా వైపు వెళ్ళలేదు. కాళ్ళు మంచం వైపు ఒక అడుగు వేశాయి కూడా.

అప్పుడు ఆమెకు తట్టిందట. వీడు చస్తే వీడితోపాటు నిజం కూడా చస్తుంది. సిగరెట్ మాట అబద్ధమని ఒప్పుకోగల నోరు ఈ లోకంలో ఇదొక్కటే. వీణ్ణి మట్టిలో పెట్టేస్తే బుడ్డోడు ఎప్పటికీ సిగరెట్ వెలిగించి చచ్చినవాడుగానే మిగిలిపోతాడు. పైగా వీడి అవతలి మంచం మీద టీ మరిగే పాత్ర ఒలికి కాలిన ముసలాయన ఉన్నాడు. క్రిమికి పగ తెలియదు. వీడి దగ్గర ఆగమంటే ఆగదు.

వెనక్కి వచ్చి డబ్బా గట్టిగా నొక్కింది. గుప్పెడు తీసుకుంది. వేళ్ళ సందులు, బొటనవేళ్ళు, గోళ్ళు, మణికట్లు, పళ్ళు కొరుకుతూ రుద్దింది. అవి ఆరేదాకా కదల్లేదు. జాలి కలగలేదు. క్షమించాలనీ అనిపించలేదు. "నువ్వు అంత తేలిగ్గా పోవడానికి వీల్లేదు" అనుకుంది. ఆ రోజునుంచి అతని పుండును ఆమె కంటికి రెప్పలా కాసింది. అంత పగతో ఒక మనిషిని కాపాడినవాళ్ళు ఆ వార్డులో మరొకరు లేరు.

అతని భార్య బట్టల దుకాణంలో అమ్మకాలు చూసే మనిషి. పనికి సెలవు పెట్టి, వరండాలో బెంచీ మీదే ఉండేది. మొగుడు ఏం చేశాడో ఆమెకు తెలియదు. ఆమెకు చేతులు రుద్దుకోవడం నేర్పింది కూడా చేతుల సిస్టరే.

"ఆరేదాకా ఎందుకాగాలి సిస్టర్?"

"అది పనిచేసేది ఆరేలోపే. తడిగా ఉన్నంతసేపే లోపలికి దిగుతుంది. ముందే తుడిచేస్తే, ఉడుకుతున్నదాన్ని మధ్యలో పొయ్యి మీంచి దించేసినట్టు. చేతులు కడుక్కుని వస్తే ముందు నీళ్ళు ఆరనివ్వండి, లేకపోతే ఆ నీళ్ళకి ఇది పల్చబడిపోతుంది."

"మీ హస్తవాసి మంచిదని అందరూ అంటున్నారు సిస్టర్. ఆయన మీ చేతిలో పడటం మా అదృష్టం."

చేతుల సిస్టర్‌కు మొగుడిని అసహ్యించుకున్నంత సులువుగా పెళ్ళాన్ని అసహ్యించుకోవడం కుదరలేదు.

జ్వరం తగ్గి అతనికి తెలివి నిలకడగా వచ్చిన రోజు, ఆమె అతను ముఖం తిప్పి పడుకున్న వైపు దూరంగా నిలబడి మాస్కు కిందికి దించింది.

"నన్ను గుర్తుపట్టావా?"

అతను కళ్ళు చికిలించాడు.

"స్టేషన్ వరండా. కుర్రతనం అన్నావు."

అతని ముఖంలో రక్తం దిగిపోవడం ఆమె తీరిగ్గా చూసింది. ఆ ముఖం అలా మారడం కోసం ఎన్నాళ్ళు కలలు కందో.

"కేక వెయ్యకు. నేను నిన్నేమీ చెయ్యను. రోజూ నీ కట్టు విప్పేది నేనే, కట్టేది నేనే. నీ వీపు మీద తోలు లేదు. ఆ మూల మంచం ఆయన కాలి వాసన నీకూ వస్తోంది కదా? అది నీ దగ్గరికి రావాలంటే ఈ చేతుల మీదుగానే రావాలి." మాస్కు పైకి లాక్కుంది. "అంతే. నీకు తెలిసి ఉండాలని చెప్పాను."

మర్నాటినుంచి ఆమె ఒక్కటే మార్చింది. అతనికి కనబడేలా చేతులు రుద్దుకోవడం మానేసింది. తెర అవతల నిలబడి, ఎప్పటికన్నా ఎక్కువ శ్రద్ధగా రుద్దుకుని, పూర్తిగా ఆరాక, కొత్త గ్లవ్స్ తొడుక్కునే లోపలికి వచ్చేది. అతను బోర్లా పడుకుని, మెడ తిప్పగలిగినంత తిప్పి, ఆమె చేతులనే చూసేవాడు.

"సిస్టర్... చేతులు రుద్దుకున్నారా?"

"రుద్దుకున్నానంటే నమ్ముతావా?"

"అది కాదు... ఒక్కసారి నా ముందర..."

"మా తమ్ముడికి ఉబ్బసం అని నేను చెప్పాను. నమ్మావా?"

కట్టు విప్పేటప్పుడు నొప్పికి మందు ఇచ్చేవారు. భయానికి ఎవరూ ఇవ్వలేదు. ఒకరోజు అతను కట్టు వద్దని గోల చేశాడు. రౌండ్స్‌కు వచ్చిన సర్జన్‌తో, "సార్, ఈవిడ నన్ను చంపేస్తుంది. చేతులు రుద్దుకోవట్లేదు" అని ఏడ్చాడు.

సర్జన్ కట్టు ఎత్తి చూశాడు. పుండు ఎర్రగా, శుభ్రంగా, ఒక్క చీము బొట్టు లేకుండా ఉంది. "చేతుల సిస్టర్ చేతులు రుద్దుకోలేదా? ఆ మాట బయట అనకు, నవ్వుతారు. ఈ వార్డులో ఇంత బాగా మానుతున్న పుండు ఇంకోటి లేదయ్యా" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

అతను ఆమె వంక చూశాడు. గోల పెట్టినా తన మాట ఎవరూ నమ్మకపోవడం ఎలా ఉంటుందో అతనికి మొదటిసారి తెలిసింది. ఆమె కట్టు గుడ్డ మడతలు సరిచేస్తూ, "ఏం చేస్తాం" అంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తుంటే దారంతా ఆమెకు నవ్వు వస్తూనే ఉంది. చాలాకాలానికి వచ్చిన నవ్వు. అది మంచి నవ్వు కాదని ఆమెకూ తెలుసు.

ఆ వారంలోనే అతను ఆ భయానికి తట్టుకోలేక నిజం చెప్పేశాడు. చెప్పింది ఆమెతో కాదు, పెళ్ళాంతో. భార్య వరండాలోంచి తడబడుతూ వచ్చి, మందులు పెట్టే గదిలో చేతుల సిస్టర్ ఎదుట నిలబడింది.

"షట్టర్‌కి తాళం వేసింది ఆయనేనట. మంట లేచినప్పుడు తాళంచెవి ఆయన జేబులోనే ఉందట. వెనక్కి వెళ్ళకుండా ముందు తలుపులోంచి పారిపోయాడట. లోపల్నుంచి షట్టర్ కొడుతున్న చప్పుడు... వినిపించిందట. ఇన్నాళ్ళూ నా పక్కన పడుకుని నాతో ఒక్క ముక్క చెప్పలేదు సిస్టర్. ఆ అబ్బాయి మీ తమ్ముడట కదా."

చేతుల సిస్టర్ బల్ల అంచు పట్టుకుంది. షట్టర్ కొట్టిన చప్పుడు సంగతి ఆమెకు తెలియదు. వాడు వెంటనే పోయి ఉంటాడని, ఏమీ తెలియకుండానే పోయి ఉంటాడని తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆ కాస్త ఓదార్పూ పోయింది. నిజం కావాలని కోరుకుంది. నిజం ఇంత బరువుంటుందని అనుకోలేదు.

"ఇన్‌స్పెక్టర్‌ని నేనే పిలుచుకొస్తాను" అంది భార్య కళ్ళు తుడుచుకుని. "ఆయన చెప్పనంటే నేను చెబుతాను. మీరు మాత్రం కట్టు మార్చడం మానకండి సిస్టర్. దణ్ణం పెడతాను."

"మానను. చెప్పినా మానను, చెప్పకపోయినా మానను. ఆ మాట మాత్రం ఆయనకి చెప్పకండి."

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పాత కేసు చూసినాయన కాదు, కొత్తగా వచ్చినవాడు. సర్జన్ పక్కన కూర్చోగా సూపర్‌వైజర్ అంతా కక్కేశాడు. మోటారు రవ్వలు, తాళం, జేబులో తాళంచెవి, సిగరెట్ మాట అనమని యజమాని నేర్పడం. అవతల తెర దగ్గర నిలబడి ఆమె ప్రతి మాటా విన్నది. "ఆ కుర్రాడు సిగరెట్ ముట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు" అన్నప్పుడు ఆమె గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. పాత పనివాళ్ళు కూడా ఇక ఒక్కొక్కరే నోరు విప్పారు. కేసు మళ్ళీ తెరిచారు. యజమానిని తీసుకెళ్ళారు.

హెడ్ నర్సుకు విషయం తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆమెను తన గదికి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"నీ డ్యూటీలో లోపం లేదు. పుండే చెబుతోంది. కానీ కదల్లేని మనిషిని మంచానికి కట్టేసినట్టు పెట్టి, రోజూ చావు భయం చూపించావు. అవునా?"

"అవును."

"అది నర్సు చేసే పనేనా?"

"కాదు."

"ఆ మనిషి నీకు ముందే తెలుసని మొదటిరోజే నాకు చెప్పాల్సింది. మళ్ళీ అలాంటి పరిస్థితి వస్తే చెబుతావా?"

చేతుల సిస్టర్ అబద్ధం ఆడదలుచుకోలేదు. "చెప్పను. మళ్ళీ ఇదే చేస్తాను."

హెడ్ నర్సు కళ్ళల్లో ఉన్నది కోపం ఒక్కటే కాదు. "రేపటినుంచి నువ్వు బయటి రోగుల విభాగానికి వెళ్ళు. ఇక్కడికి రావద్దు" అంది. చేతుల సిస్టర్ వాదించలేదు. అల్మారాలోంచి తన చెప్పులూ పెన్నూ తీసుకుని, ముసలాయనకు చెప్పి, వెల్డర్‌కు చెప్పి వెళ్ళిపోయింది. సూపర్‌వైజర్ మంచం దగ్గర ఆగలేదు.

అతను బతికాడు. వీపు మీద కొత్త తోలు పట్టింది. పక్కన కానిస్టేబుల్‌తో, చేతికర్రతో, పుండు చూపించుకోవడానికి ఒకసారి బయటి రోగుల విభాగానికి వచ్చి, ఆమె బల్ల ఎదుట ఆగాడు.

"నన్ను క్షమించు తల్లీ."

"లేదు."

"నన్ను బతికించావు కదా. నీకు మనసు లేకపోతే..."

"నా మనసు గురించి నువ్వు మాట్లాడకు. నీ మీద జాలితో బతికించలేదు. నువ్వు చస్తే నాకు చాలేది కాదు. కోర్టులో నిలబడి ఆ మాటలన్నీ మళ్ళీ చెప్పాలి నువ్వు. ఆ తరవాత లోపల కూర్చుని, ఆ షట్టర్ చప్పుడు వింటూ బతకాలి." ఆమె తల తిప్పి, "తరవాతి వాళ్ళు రండి" అని కేకేసింది. అతను కర్ర ఊనుకుంటూ వెళ్ళాడు. అతన్ని అలా చూశాక కడుపులో మంట చల్లారుతుందనుకుంది. చల్లారలేదు. కాకపోతే ఇప్పుడు ఆ మంటకు ఒక హద్దు వచ్చింది. అన్నం తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు మీదికి రావడం మానేసింది.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళేసరికి వీధిలో వాళ్ళు ఇద్దరు ముగ్గురు గుమ్మంలో ఉన్నారు. "తప్పుగా అనుకున్నామమ్మా" అంటున్నారు. తల్లి వాళ్ళ మాటలు ఔనూ కాదూ అనకుండా విని, వాళ్ళు వెళ్ళాక కూతురి వైపు తిరిగింది.

"వాడు బతికాడా?"

"బతికాడమ్మా."

"నడుస్తున్నాడా?"

"కర్ర పట్టుకుని నడుస్తున్నాడు."

"మంచిది. నిండా నూరేళ్ళు బతకాలి వాడు" అంది తల్లి. దీవెనలా లేదు ఆ మాట. లేచి చెప్పులు వేసుకుని, చాలాకాలం తరవాత గుమ్మం దిగి, వీధి చివరి దుకాణం దాకా ఒక్కతే నడిచి వెళ్ళింది.